పర్ల్ రంగుల సెట్టు: ఆరు సీసాల్లో పనికొచ్చేవి రెండున్నర

ఒడిశా బరంపురంలో బడి పుస్తకాలు, డ్రాయింగ్ షీట్లు అమ్మే దుకాణాల్లో గుడ్డ మీద వేసే రంగుల పక్కనే పర్ల్ రంగులది, అంటే ముత్యంలా మెరిసే రంగులది, ఒక చిన్న అట్టపెట్టె ఉంటుంది. లోపల ఆరు సీసాలు, ఒక్కోటి 10 మిల్లీలీటర్లు: తెల్ల ముత్యం, బంగారం, రాగి, నీలం, ఆకుపచ్చ, గులాబీ. మూత తీసి కొంచెం ఊపితే లోపల రంగు సుడులు తిరుగుతూ మెరుస్తుంది. అది చూసే సగం మంది కొనేస్తారు. పట్టుచీర, ఇత్తడి చెంబు, నెమలీక, చేప పొలుసు, మెరిసేది ఏదైనా సరే ఈ పెట్టె ఉంటే చాలన్నట్టు అమ్ముతారు కూడా. పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు దొరికేదీ ఇదే తరహా సరుకు. రెండు మూడు పేర్లతో వస్తుంది గానీ లోపలి తయారీ ఒకటే, అందుకని పేర్ల జోలికి పోవడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. పెట్టె మొత్తం కొననక్కర్లేదు. విడిగా ఇస్తే తెలుపు, నీలం తీసుకోండి. చీరల బొమ్మలు వేసేవాళ్లయితే బంగారం కూడా. మిగిలిన డబ్బు మంచి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), థాలో బ్లూ (గాఢ నీలం), టైటానియం వైట్ (తెలుపు) ట్యూబుల మీద పెట్టండి. మెరుపులో నూటికి తొంభై పాళ్లు ఆ మామూలు ట్యూబులే తెస్తాయి. ఎందుకో తెలియాలంటే సీసాలో ఏముందో చూడాలి.

ఉన్నది అభ్రకం. పల్చటి అభ్రకం రేకుల పొడికి టైటానియం డయాక్సైడ్ పూత పెట్టి ఆక్రిలిక్ జిగురులో కలుపుతారు. పూత ఎంత మందంగా ఉందన్న దాన్నిబట్టి మెరుపు రంగు మారుతుంది: తక్కువైతే వెండి తెలుపు, పెంచుకుంటూ పోతే బంగారం, ఎరుపు, నీలం, ఆకుపచ్చ. నీళ్ల మీద కిరసనాయిల్ తెట్టు రంగులు తేలడానికి కారణం ఏదో ఇక్కడా అదే. రేకు ఒక రంగును తిప్పికొడుతుంది, మిగిలినదాన్ని కిందికి వదిలేస్తుంది. కింద నల్లటి అడుగు ఉంటే వదిలింది అక్కడే ఇంకిపోయి తిప్పికొట్టిన రంగు ఒక్కటే కంటికి చేరుతుంది. తెల్ల కాగితం ఉంటే వదిలినదీ వెనక్కి వచ్చి కలుస్తుంది, మెరుపు చప్పబడుతుంది. కొన్నవాళ్లలో చాలామంది ‘రంగు పల్చగా ఉంది, మెరవట్లేదు’ అనడానికి అసలు సంగతి ఇదే. తప్పు సీసాది కాదు, తెల్ల కాగితానిది.

కొనేముందు దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. ఒక తెల్ల కాగితం, ఒక నల్ల చార్టు ముక్క పట్టుకెళ్లి నీలం సీసా నుంచి రెండింటి మీదా చుక్క చొప్పున పెట్టి వేలితో రాయండి. తెల్ల కాగితం మీద దాదాపు కనిపించకుండా, ఏ కొంచెమో పసుపు జాడతో ఉండి, నల్లదాని మీద నిగనిగలాడే నీలంగా లేస్తే అది అచ్చంగా అభ్రకం మెరుపే. రెండింటి మీదా ఒకేలా నీలంగా ఉంటే అందులో విడిగా నీలం రంగు కలిపారన్నమాట. మేం చూసిన పెట్టెలో నీలం మొదటి రకం, ఆకుపచ్చా రాగీ గులాబీ రెండో రకం. రెండో రకం పనికిరాదని కాదు. దాని బదులు తెల్ల ముత్యంలో మీ దగ్గరున్న పారదర్శక రంగు కలుపుకుంటే అదే వస్తుంది, మీకు కావలసిన ఛాయలో వస్తుంది. మూడు పాళ్లు ముత్యానికి ఒక పాలు రంగు చాలు. టైటానియం వైట్ మాత్రం కలపొద్దు. అది రేకుల్ని కప్పేస్తుంది, మిగిలేది గోడ సున్నం.

ఇక వస్తువుల మీదికి వెళ్దాం. గంజాం జిల్లా బెల్లగుంఠలో చేసే ఇత్తడి చేప అందరికీ తెలిసిందే. పొలుసు పొలుసుగా అతికి, పట్టుకుంటే నిజం చేపలా ఒళ్లు తిప్పుతుంది. మెరిసే లోహం వేయడం నేర్చుకోవడానికి అంతకంటే మంచి వస్తువు దొరకదు, ఎందుకంటే ఒక్కో పొలుసూ ఒక్కో చిన్న అద్దం. ఆ చేపను బంగారు సీసాతో వేసి చూస్తే వచ్చేది పెళ్లి కార్డు మీద అచ్చు గుద్దిన చేప. అంతా ఒకే పసుపు, అంతా ఒకే మెరుపు. అదే చేపను మామూలు రంగులతో వేస్తే ఇత్తడి అవుతుంది.

కలుపుకోవలసినవి ఐదే ఛాయలు. చీకటికి రెండు పాళ్లు బర్న్ట్ అంబర్, ఒక పాలు అల్ట్రామెరీన్. దానిపైన అంబర్, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) సమానంగా. మూడోది ఓకర్‌లో సూదిమొనంత నలుపు: పసుపులో నలుపు పడితే పాచి ఆకుపచ్చగా తిరుగుతుంది, ఇత్తడికి ఇత్తడితనం ఇచ్చేది ఆ ఛాయే, బంగారంలో అది ఉండదు. నాలుగోది లెమన్ ఎల్లో, ఓకర్, కొంచెం తెలుపు. చివరిది దాదాపు తెలుపు, పసుపు వాసన తగిలీ తగలనట్టు. లోహం తన రంగునే వెలుగుకు పులుముతుంది గనక ఇత్తడి మీద పచ్చి తెలుపు పెడితే అది పింగాణీ అయిపోతుంది.

తరవాత అసలు మెళకువ. ఆ ఐదో ఛాయ పక్కనే, మధ్యలో ఏదీ లేకుండా, మొదటి చీకటి ఛాయ రావాలి. వెలుగు నుంచి చీకటికి మెల్లగా కలుపుకుంటూ పోతే మట్టికుండ అవుతుంది. అంచు కత్తితో కోసినట్టు ఉంటేనే నున్నగా తోమిన లోహం. అదే చిలుము పట్టిన పాత ఇత్తడి అయితే అంచుల్ని తడి బ్రష్‌తో కొంచెం మెత్తబరచాలి. చింతపండుతో అప్పుడే తోమిన సామాను కాస్త ఎర్రగా ఉంటుంది, పులుపుకు పైపొరలో జింకు పోయి రాగి తేలుతుంది గనక. దానికి మూడో ఛాయలో నలుపు బదులు చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ) వేసుకోవాలి.

ఇంకొకటి, ఇందులోనే ఎక్కువమంది దెబ్బతినేది: అన్ని పొలుసులకూ మెరుపు చుక్క పెట్టేయడం. చేపను కిటికీ పక్కన పెట్టి ఒక కన్ను మూసి చూడండి. యాభై పొలుసులుంటే నిజంగా తళుక్కుమనేవి ఐదో ఆరో, అవి కూడా ఒకే వరసలో, కిటికీ వైపు తిరిగినవి. మిగతావి కిటికీని కాదు, బల్లను, గోడను, మీ చొక్కాను చూపిస్తున్నాయి. చేప కడుపు కింద బల్ల రంగు రాకపోతే ఆ చేప గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. బంగారు సీసాకు ఇక్కడ మార్కులు సున్నా.

పట్టు దగ్గర మాత్రం లెక్క అంత తేలిక కాదు. ఫోడా కుంభ అంచున్న (గుడి గోపురాల వరసలా ఉండే అంచు) బరంపురం పట్టుచీరనే తీసుకుందాం, ఒళ్లు ఎర్ర పడుగు (నిలువు పోగు), ఆకుపచ్చ పేక (అడ్డ పోగు). ఎదురుగా పరిచి చూస్తే రెండూ కలిసిన ముదురు మెరూన్ ఛాయ. మడత పెడితే మడతకు ఒక పక్క ఎరుపు పైకొస్తుంది, రెండో పక్క ఆకుపచ్చ. ఈ చీరకు పర్ల్ రంగు వేయాలని ఎవరికైనా చెయ్యి లాగుతుంది.

వేశాక జరిగేది ఇది. బొమ్మను ఎదురుగా చూస్తే బాగానే ఉంటుంది. ఒక అడుగు పక్కకు జరగండి. నీడలో ఉండాల్సిన మడత లోపలి భాగం ట్యూబ్‌లైట్‌ను పట్టుకుని తళుక్కుమంటుంది, వెలుగులో ఉండాల్సిన శిఖరం ఆరిపోతుంది. మీరు గంటలు పడి వేసిన మడతలన్నీ చదునైపోయి చీర మీద చీర పరిచినట్టు అవుతుంది. అభ్రకం రేకుకు మీ బొమ్మలోని కిటికీ తెలియదు, అది వేలాడే గదిలోని దీపం మాత్రమే తెలుసు. పర్ల్ రంగు మీద ఉన్న పెద్ద అభ్యంతరం ఇదొక్కటే, కానీ ఇదే సరిపోతుంది.

మామూలు రంగులతో పట్టు ఎలా వస్తుందంటే, ముందు మెరూన్ ఛాయను చీరంతా పల్చగా పూయాలి: ఎక్కువ భాగం క్రిమ్సన్ (ముదురు ఎరుపు), అందులో కొంచెమే థాలో గ్రీన్. థాలో గ్రీన్ చాలా బలమైన రంగు, చుక్క చుక్కగా కలపకపోతే గిన్నెంతా దానిదే అవుతుంది. ఆరాక మడత శిఖరానికి ఎడమ పక్క క్రిమ్సన్‌లో కొంచెం తెలుపు, కుడి పక్క పాలిపోయిన ఆకుపచ్చ. రెండింటినీ తడి మీద కలపకండి, బురదవుతుంది. మధ్యలో అడుగున వేసిన మెరూన్ ఒక సన్నటి చారలా బయటపడేలా వదిలేయాలి. రెండు రంగులూ ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయినట్టు కావాలంటే పొడి బ్రష్‌తో, పోగులు పోయిన దిక్కునే, సన్న గీతలు. ఆ గీతలే నేత.

పట్టు మెరుపు చుక్కగా ఉండదు, పట్టీగా ఉంటుంది. నూనె రాసి దువ్విన జుట్టు మీద వెలుగు వెంట్రుకలకు అడ్డంగా ఒక మెరుపు గీతలా పడుతుంది చూడండి, పట్టు పోగుల మీదా అంతే, పోగులకు అడ్డంగా. ఆ పట్టీ తెల్లగా ఉండదు, అక్కడున్న పోగు రంగే పాలిపోయి ఉంటుంది. అంచులు కూడా ఇత్తడిలా కోసినట్టు కాక ఒక పక్క పదునుగా, రెండో పక్క పోగులు పోగులుగా విడిపోతూ ఉండాలి. సాటిన్‌కూ పట్టుకూ తేడా తెలియని బొమ్మలన్నిట్లో రెండు పక్కలా మెత్తగా ఉంటుంది.

బంగారు సీసాకు దక్కిన అర మార్కు జరీ దగ్గర. జరీ నిజంగానే లోహపు పోగు, పైగా ఆ కుంభాల వరసలో మెరుపు చుక్కలు చుక్కలుగా తెగి తెగి ఉంటుంది. ముందు అంచు మొత్తం అంబర్, ఓకర్‌తో మట్టి రంగులో గీసుకోవాలి. ఆరాక పొడుగు వెంట్రుకల లైనర్ బ్రష్‌తో, నంబరు 0 గానీ 1 గానీ, వెలుగు పడే మడతల మీద మాత్రమే బంగారు చుక్కలు. నీడలోకి వెళ్లిన జరీ మీద ఒక్క చుక్క కూడా వద్దు. మరీ చిన్న చుక్కలు గనక గదిలో దీపం మారినా బొమ్మ చెడదు. ఆ చుక్కల్లో మళ్లీ పదికొకటి చొప్పున లెమన్ ఎల్లో, తెలుపు కలిపిన మామూలు చుక్క పెడితే అది బంగారు సీసా కన్నా ఎక్కువ మెరుస్తుంది. నమ్మబుద్ధి కాకపోతే ఒక మూల వేసి చూడండి.

పెట్టె తన డబ్బు తిరిగి ఇచ్చేది నెమలీక దగ్గర. కారణం పక్షి ఒంట్లోనే ఉంది. నెమలీకలో నీలం రంగు పదార్థమంటూ ఏదీ లేదు. ఉన్నది గోధుమ నల్లటి మెలనిన్, ఆ మెలనిన్ కడ్డీలు అమరిన దూరాన్నిబట్టి రంగు పుడుతుంది. ఈకను తిప్పి వెనక చూస్తే వెలిసిపోయిన గోధుమ రంగే. అంటే పక్షి చేసిందీ, నల్ల అడుగు మీద నీలం సీసా చేసేదీ దాదాపు ఒకే పని.

పలక ఎలాంటిది తీసుకుంటారన్నది ఇక్కడ ముఖ్యం. గరుకు కాన్వాస్ వద్దు, ఆ గుంటల్లో రేకులు తలోదిక్కూ తిరిగి మెరుపు పొడిపొడిగా రాలిపోతుంది. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలక మీద జెస్సో (రంగుకు ముందు వేసే తెల్ల అడుగు పూత) మూడు పూతలు, పూతకూ పూతకూ మధ్య 400 నంబరు ఎమరీ పేపరుతో తడి రుద్దుడు. చెయ్యి వేస్తే కోడిగుడ్డు పెంకులా తగలాలి. నీటిరంగుల కాగితమైతే 300 జీఎస్ఎం, నున్నటి రకం.

నెమలీక మీది కన్ను ఆకారం మొత్తాన్ని థాలో బ్లూ, బర్న్ట్ అంబర్ సమానంగా కలిపిన నల్లటి ఛాయతో కప్పేయాలి. పూర్తిగా ఆరాలి. నడిమి గుండెకాయ లాంటి మచ్చను దాదాపు అలాగే వదిలి, కొంచెం డయాక్సజైన్ వయొలెట్ మాత్రం పల్చగా పూయండి. దాని చుట్టూ ఉండే నీలాకాశం రంగు పట్టీకి థాలో బ్లూ, థాలో గ్రీన్, కొంచెం తెలుపు కలిపి మామూలు రంగుతోనే వెంట్రుక వెంట్రుకగా గీయాలి, గీతకూ గీతకూ మధ్య నల్ల అడుగు కనబడాలి. ఇప్పుడు నీలం సీసా: ఒక చుక్కకు నాలుగు చుక్కలు ఆక్రిలిక్ గ్లేజ్ మీడియం (రంగును పల్చన చేసే పారదర్శక జిగురు), నీళ్లు కాదు. నీళ్లు ఎక్కువైతే జిగురు బలహీనపడి రేకులు ఒకచోట గుమిగూడి చిన్న చిన్న దీవుల్లా ఆరతాయి. ఆ మిశ్రమాన్ని ఈ పట్టీ మీద మాత్రమే, నంబరు 6 మెత్తటి ఫ్లాట్ బ్రష్‌తో, వెంట్రుకలు సాగిన దిక్కులో ఒకే ఊపున లాగాలి. రేకులు బ్రష్ వెళ్లిన దిక్కుకు పడుకుంటాయి. సగం ఆరాక మళ్లీ బ్రష్ పెడితే అవి నిలబడి పోతాయి, అక్కడ బూడిద మచ్చ తేలుతుంది. మచ్చ పడితే దిద్దకండి. పూర్తిగా ఆరనిచ్చి అడుగు రంగు మళ్లీ వేసి మొదలుపెట్టడమే దారి.

దాని బయట ఉండే కంచు రంగు పెద్ద వలయానికి బర్న్ట్ సియెన్నా అడుగు, దాని మీద తెల్ల ముత్యం, ఓకర్ కలిపిన పల్చటి పూత ఒకటి. రాగి సీసా ఇక్కడ వేస్తే అడుగును కప్పేసి రేకు డబ్బాలా ఉంది. ఆ బయటి సన్న వలయాలు, విడిపోయిన ఆకుపచ్చ వెంట్రుకలు పూర్తిగా మామూలు రంగులే. నడిమి మచ్చకు మెరుపు అంటనివ్వకండి. పక్కన మొద్దుగా, వెలుగు తాగేసే నలుపు ఉండబట్టే నీలం పట్టీ మెరుస్తుంది.

గోపాలపూర్ రేవులో దొరికే కానాగంతలు, సావళ్ల బొమ్మలకు తెల్ల ముత్యం ఒక్కటి చాలు. కడుపు భాగానికి చల్లటి బూడిద రంగు, దాని మీద ముత్యం ఒకే పూత, వీపుకు అసలు వద్దు. చేప ఒంటి వెండి మెరుపు కూడా పొరలుగా పేర్చుకున్న స్ఫటికాల వల్లే గనక ఇది అతుకుతుంది. కన్ను మీద తెల్ల చుక్క మాత్రం మామూలు టైటానియం వైట్‌తోనే పెట్టాలి.

ఆరే సమయం గురించి సీసా మీద రాసింది చలికాలానికి సరిపోతుంది. గ్లేజ్ పూత శీతాకాలంలో అరగంటలో పొడిబారుతుంది, వానాకాలంలో సముద్రపు గాలి తగిలే బరంపురం, ఛత్రపురం ఇళ్లలో గంటన్నర పట్టినా ఆశ్చర్యపోకండి. వేలి వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడే. తడి పూత మీద రెండోది వేస్తే కింది రేకులు కదిలిపోతాయి. వార్నిష్‌కు రెండు మూడు రోజులు ఆగండి, ముసురు పట్టిన రోజు అసలు ముట్టుకోవద్దు, పాలు విరిగినట్టు తెల్లటి పొర కమ్ముతుంది. గ్లాసీ, అంటే నిగనిగలాడే వార్నిషే వాడాలి, మ్యాట్ (మెరుపు లేనిది) వేస్తే పడ్డ శ్రమంతా దాని కిందే సమాధి.

గులాబీ సీసా రంగును ఒక పట్టీగా పూసి, సగం అట్టతో కప్పి దక్షిణపు కిటికీలో పెట్టాం. మూడు వారాలకు తెరిచి ఉన్న సగం పాలిపోయింది. నీలం, తెలుపు చెక్కుచెదరలేదు. ఇనుప సామాన్ల దుకాణంలో దొరికే బంగారు రంగు డబ్బాతో ఈ సెట్టును పోల్చి ‘అదే చవక కదా’ అనేవాళ్లూ ఉన్నారు. అందులో ఉండేది రాగి, జింకు కలిసిన పొడి, ఉప్పుగాలికి నల్లబడుతుంది, ఒక్కోసారి పచ్చగానూ తిరుగుతుంది. గేటు మొనలకు వాడుకోండి. అభ్రకానికి ఆ బాధ లేదు, ఈ సెట్టుకు నిజంగా ఇవ్వాల్సిన మార్కు అది.

బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసి పోటీకి పంపేవాళ్లయితే పర్ల్ జోలికే పోవద్దు. కెమెరాకు కనిపించేది ఒక్క కోణం. ఆ కోణంలో రేకులు మెరవకపోతే నీలం పట్టీ బూడిదలా పడుతుంది, మెరిస్తే తెల్లటి మచ్చలా పడుతుంది. అచ్చుకైతే మరీ అన్యాయం. ఫోటో కోసం వేసే నెమలీకకు పై పద్ధతిలో గ్లేజ్ పూత ఒక్కటి వదిలేసి మిగతాదంతా చేయండి, తేడా పెద్దగా తెలియదు.

వాడేముందు సీసాను తిరగేసి నిమిషం పాటు మెల్లగా కలపండి, రేకులు అడుగున పేరుకుంటాయి. గట్టిగా ఊపితే నురగొచ్చి, ఆ బుడగలు పూతలో సూది బెజ్జాలవుతాయి. కడిగే నీళ్ల గ్లాసు, బ్రష్ వేరే పెట్టుకోండి. ఒకసారి అభ్రకం పడ్డ గ్లాసులో మామూలు బ్రష్ ముంచితే ఆ తరవాత వేసిన మట్టిగోడ కూడా తళతళలాడుతుంది, దాన్ని తుడిచే మార్గం లేదు.